నుదురున్న బండి

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో కారు మూతి గురించి తప్ప మరో మాట లేదు. అన్నం ముందు కూర్చున్నా అదే, దండెం మీద బట్టలు తీస్తున్నా అదే. నేను ఎల్లారెడ్డి పశువుల దవాఖానలో కాంపౌండర్‌ని. పగలంతా బర్రెల మూతులూ మేకల మూతులూ పట్టుకొని మందు పోసి, ఒళ్లంతా ఆ వాసనతో ఇంటికొస్తే, ఇక్కడ నా భార్య కృపారాణి గోడ నిండా కారు మూతుల బొమ్మలు అంటించి, చేతులు కట్టుకొని వాటి ముందు నిలబడి ఉండేది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. మే నెల వచ్చేసరికి ఆ నవ్వు పోయింది.

చక్రధర్ సారు షెడ్డు కామారెడ్డి దాటాక ఎల్లారెడ్డి రోడ్డు మీద ఉంటుంది. తల్లి పేరు మీద 'రాజవ్వ ఇంజనీరింగ్ వర్క్స్' అని పెట్టి, ఇరవై ఏళ్లుగా ట్రాక్టర్ ట్రాలీలు చేయించి అమ్ముతున్నారు. మూడేళ్ల కిందట ఆయనకు కారు చెయ్యాలన్న పిచ్చి పట్టింది. పెద్దది కాదు. బ్యాటరీ మీద నడిచేది, నలుగురు పట్టేది, ఆటో తిరిగే సందులో తిరిగేది. ఊరికీ ఊరికీ మధ్య తిరిగే టీచరమ్మలు, ఆర్‌ఎంపీ డాక్టర్లు, చిన్న వ్యాపారస్తులు కొంటారని ఆయన నమ్మకం. ఉన్న పదిహేను మంది పనివాళ్లతోనే మొదలుపెట్టారు. మొదటి విడత బండ్లు నడవడానికి బాగానే నడిచాయి గానీ, వాటి ముఖమే అచ్చి రాలేదు.

ఆ ముఖం ఆశన్న చేసింది. ఆశన్న ట్రాలీలకు రేకు కొట్టే పెద్ద పనివాడు. సారు ఫోన్‌లో చూపించిన ఒక విదేశీ కారు ఫొటో పట్టుకొని, దాని ముందు జాలీని మెరిసే పట్టీలతో సహా ఈ చిన్న బండికి దించేశాడు. మనవడికి తాత కట్టుడు పళ్లు పెట్టినట్టు ఉండేది. ఆ బండి ఊళ్లోకి వస్తే పిల్లలు ఆ పెద్ద కారు పేరు పెట్టి, దాని పిల్ల వచ్చిందని వెంటపడి అరిచేవాళ్లు. కొన్నవాళ్లకు తలకొట్టేసినట్టయ్యేది. ఇది ఎవరు చేసిన బండి అని అడిగితే మాత్రం చెప్పేవాడు లేడు. అదీ చక్రధర్ సారు బాధ.

కృప పెళ్లికి ముందు పుణెలో ఒక పెద్ద కార్ల కంపెనీలో నాలుగేళ్లు డిజైనర్‌గా చేసింది. నాలుగేళ్లూ ఆమె గీసింది తలుపు పిడులే. నన్ను చేసుకొని ఎల్లారెడ్డి వచ్చాక ఏడాదిపాటు ఇంట్లో కూర్చొని మా వంటింటి అలమార పిడులు మార్చింది. అది ఎవరి నోటనో విని, ఫిబ్రవరిలో చక్రధర్ సారే మా ఇంటికొచ్చారు. చాయ్ గ్లాసు కింద పెట్టకముందే విషయం చెప్పేశారు.

"అమ్మా, నా బండికి ఒక ముఖం గావాలె. జూడంగనే ఇది రాజవ్వోల్ల బండి అని తెల్వాలె. నువ్వే చీఫ్ డిజైనర్‌వు. నీ పనికి నేను అడ్డం రాను."

"మాట ఇచ్చినట్టేనా సార్?"

"ఇచ్చిన. మా అవ్వ తోడు."

చీఫ్ డిజైనర్ అంటే ఆమె కింద ఎవరో ఉన్నారనుకునేరు. ఆమె ఒక్కతే. వెల్డింగ్ మంటకు నాలుగడుగుల దూరంలో ఒక టేబుల్, ఒక కంప్యూటర్, ఒక కూలర్. గాలికి కాగితాలు ఎగిరిపోతున్నాయని ఆ కూలర్ కూడా ఆపుకొని కూర్చునేది. అయినా విజిటింగ్ కార్డులు అచ్చయి వచ్చిన రోజు, ఒక కార్డు పట్టుకొని నా ముఖానికి విసనకర్రలాగ విసిరింది. పెళ్లయ్యాక ఆమె ముఖంలో అంత వెలుగు నేను చూసింది అదే మొదటిసారి. అది నాకు కాస్త గుచ్చుకుంది కూడా.

ఏప్రిల్ మొదట్లో పుణె నుంచి ఫోన్ వచ్చింది. పాత కంపెనీవాళ్లు. ఈసారి పిడులు కాదట, కారు ముందు భాగం మొత్తం చూసే జట్టులోకి తీసుకుంటామన్నారు. మే నెల ఆఖరులోపు ఏ సంగతీ చెప్పాలి. కృప నా దగ్గర ఏదీ దాచదు, నాన్చదు. బట్టలు మడతపెడుతూనే చెప్పింది.

"సారు మాట మీద ఉంటే నేను ఈడనే ఉంట. బండి నేను గీసిన ముఖంతోనే రోడ్డెక్కాలె. మల్ల గా జాలీనే పెడుతమంటే మాత్రం పుణె పోత. ఇంకొకల్ల మూతి కాపీ కొట్టనీకె నేనెందుకు? నువ్వు నాతోని వస్తవా, ఈడనే ఉంటవా, నువ్వే ఆలోచించుకో."

"సూద్దాం," అన్నాను.

సర్కారు కొలువులో పదేళ్లుంటే ఎవరి నోటికైనా మొదట వచ్చే మాట అదే. నాకు ఎల్లారెడ్డి విడిచిపెట్టడం ఇష్టం లేదు. కృప లేకుండా ఎల్లారెడ్డిలో ఉండటం అంతకన్నా ఇష్టం లేదు. అందుకని, కార్ల గురించి ఓనమాలు తెలియని నేను, ఆ బండికి నా భార్య గీయబోయే ముఖమే నిలవాలని రోజూ ప్రార్థన చేసుకోవడం మొదలుపెట్టాను.

ఆమేమో మూడు వారాలు ఒక్క గీత గీయలేదు. నేను టీకాలు వేయడానికి ఊళ్లు తిరుగుతుంటే నా స్కూటర్ వెనక కూర్చొని వచ్చేది. లింగంపేటలో బీడీలు చుట్టే ఆడవాళ్ల అరుగుల మీద కూర్చొని, ఒళ్లో చాట పెట్టుకున్న మనిషికి మోచేతుల మధ్య ఎంత చోటు కావాలో టేపు పెట్టి కొలిచింది. చీర కట్టుకున్నవాళ్లు ఆటో ఎక్కేటప్పుడు ముందు ఏ కాలు పెడతారో రాసుకుంది. మహమ్మద్‌నగర్‌లో ఒక పాలాయనతో నిండు క్యాన్లు మూడుసార్లు దింపించి మూడుసార్లు ఎక్కించింది. ఆయన చెమట తుడుచుకుంటూ నన్ను పక్కకు పిలిచాడు.

"ఇంటామెకు పానం మంచిగనే ఉందా అన్నా?"

"మంచిగనే ఉంది. గది ఆమె కొలువు," అన్నాను.

షెడ్డులో చక్రధర్ సారుకు కాలు నిలవడం లేదు. ఒకరోజు నాకే ఫోన్ చేశారు.

"తమ్మీ, మీ ఆమె బొమ్మ ఎప్పుడు గీస్తది?"

"సూస్తున్నది సార్."

"ఏం సూస్తున్నది?"

"మనుషులను సార్."

"ఇంతకుముందు సూడలేదా మనుషులను?" అని పెట్టేశారు.

ఏప్రిల్ ఆఖరులో ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కూర్చొని గీసింది. మధ్యాహ్నానికి అయిపోయింది. తర్వాత లింగంపేట కుమ్మరుల దగ్గర మన్ను తెప్పించి, షెడ్డులో చెక్క చట్రం మీద కారు ముందు భాగాన్ని అసలు కొలతలతో మట్టితో చేసింది. పుణెలో ఈ పనికి మైనంలాంటి మెత్తటి మట్టి వేరే ఉంటుందట. ఇక్కడి మన్ను ఆ ఎండకు గంటకోసారి పగిలేది. తడి గోనెపట్టాలు కప్పి, విప్పి, పూసి, మళ్లీ కప్పి, చంటిపిల్లకు చేసినట్టు చేసింది. నేను వెళ్లి చూశాను. జాలీ లేదు. రెండు గుండ్రటి దీపాలు, వాటి నడుమ ఏ గీతా లేకుండా నున్నగా, కొద్దిగా ముందుకు వంగిన పలక. అంతే.

"నీళ్లు తాగి తలెత్తిన దూడ లెక్క ఉంది," అన్నాను. నాకు తెలిసిన ముఖాలు అవే మరి.

"గదే గావాలె," అంది సంబరంగా.

ఆశన్న మాత్రం ముఖం మాడ్చుకొని తిరిగేవాడు. ఆయనకు అరవై దాటాయి. షెడ్డు మొదలైన రోజు నుంచీ అక్కడి సుత్తి ఆయనదే. తను చేసిన జాలీని నలుగురిలో తీసి పక్కన పెట్టడం ఆయనకు మింగుడు పడలేదు. కృప ఆయన్ని పెద్దబాపూ అని పిలిచేది.

"బిడ్డా, మూతి లేకుంటే బండి మూగదాని లెక్క కనవడ్తది," అన్నాడొకరోజు, మట్టి బొమ్మ చుట్టూ తిరుగుతూ.

"ఇది డీజిల్ తాగదు, గాలి పీల్చదు పెద్దబాపూ. నోరెందుకు దీనికి?"

"పెండ్లికి పోయేటప్పుడు మెడల గొలుసెందుకు ఏసుకుంటరు? అన్నిటికి పని ఉండాల్నా?"

ఆశన్న సుత్తి తీసుకొని, మట్టి బొమ్మ కొలతల ప్రకారం రేకు కొట్టడానికి కూర్చున్నాడు. మనసులో నారాజ్ ఎంత ఉన్నా, ఆ రేకులో ఒక్క సొట్ట వెతికినా దొరకదు. కోపాన్ని పనిలో చూపించే మనిషి కాదు. ఇంకో విధంగా చూపించాడని మాకు తర్వాత తెలిసింది.

కొత్త ముఖంతో మొదటి బండి మే మూడో వారానికి తయారైంది. కొన్నది లింగంపేట అరుణజ్యోతి. బడిపిల్లలకు యూనిఫాంలు కుట్టే మహిళా సంఘం ఆమెది. గుడ్డ తేవాలన్నా, కుట్టిన జతలు బడులకు చేర్చాలన్నా సొంత బండి కావాలి. బడులు తెరిచే రోజు దగ్గర పడుతోంది. రెండుసార్లు వచ్చి కూర్చొని చూసింది, బట్టల మూటలు పెట్టి చూసింది, ముచ్చటపడింది. మంచిరోజని శుక్రవారం పూట ఇంటిల్లిపాదినీ తీసుకొని వచ్చింది. ముందర అత్త చిన్నవ్వ, వెనక ఇద్దరు ఆడబిడ్డలు, వాళ్ల చేతుల్లో మనిషి పొడవు బంతిపూల దండ. నేను కూడా ఒకపూట సెలవు పెట్టుకొని వెళ్లాను.

చక్రధర్ సారు ఇస్త్రీ చేసిన తెల్లబట్టల్లో ఉన్నారు. చేతిలో ఒక డబ్బా. దాన్లో 'రాజవ్వ' అని మెరిసే స్టీలు అక్షరాలు, హైదరాబాద్‌లో చేయించి తెచ్చారు. దీపాల నడుమ నున్నటి పలక మీద వాటిని బిగించాలని ఆయన కోరిక. కృప వాటిని చూసి, "పూజ అయినంక మాట్లాడుకుందం సార్," అంది.

పసుపు రాశారు. బొట్లు పెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఇక దండ వెయ్యాలి. చిన్నవ్వ దండ రెండు కొసలూ పట్టుకొని బండి ముందుకు వచ్చి ఆగిపోయింది. కుడి పక్క చూసింది, ఎడమ పక్క చూసింది.

"యాడ గట్టాలె బిడ్డా?"

జాలీ ఉన్న బండికి పట్టీల్లోంచి దారం దూర్చి కడతారు. ఇక్కడ దారం దూరే సందు లేదు. అరుణజ్యోతి దండను పలక మీద ఆనించింది, జారి కింద పడింది. ఒక ఆడబిడ్డ దాన్ని వైపర్లకు చుట్టింది, అద్దం మొత్తం పూలతో మూసుకుపోయి బండికి ముసుగేసినట్టయింది. రెండు పక్కల అద్దాలకు కడదామంటే దండ పొడవు చాలక మళ్లీ కింద పడింది. పనివాడొకడు పరుగున పోయి ప్లాస్టిక్ టేపు తెచ్చాడు. దేవుడి దండకు టేపు అతికిస్తావా అని చిన్నవ్వ అతని చేతిమీద ఒక్కటేసింది. అప్పటిదాకా అందరూ నవ్వుతూనే ఉన్నారు. దండ మూడోసారి మట్టిలో పడ్డాక ఒక్కరూ నవ్వలేదు.

నేను కృప వైపు చూశాను. మా ఇళ్లలో కొత్త బండి కొంటే పాస్టరు గారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు, ఆమెన్ అంటారు, ఇంటికి పోతాం. బండ్లకు దండలుంటాయని కృపకు తెలియక కాదు, రోజూ రోడ్డు మీద కనిపించేవే. కానీ తన చేత్తో ఎన్నడూ కట్టలేదు. చాట వెడల్పు కొలిచింది, చీర కుచ్చిళ్లు కొలిచింది, పాలక్యాను కొలిచింది. బండిని వాడుకునే రోజులన్నీ తిరిగి తిరిగి చూసి, అది ఇంటికొచ్చే మొదటిరోజును మరిచిపోయింది.

చిన్నవ్వ దండను దులిపి, మడిచి, కోడలి చేతికిచ్చింది.

"దండ పట్టని బండి మనకొద్దు. శకునం మంచిగ లేదు. నడువుండ్రి."

"బడులు తెరుస్తున్నరు అత్తమ్మా," అంది అరుణజ్యోతి ఏడుపు గొంతుతో.

"ఆటోల ఏసుకపోదం. ఇన్నేండ్లు పోలేదా?"

వెళ్లిపోయారు. పసుపూ బొట్లూ పెట్టించుకున్న బండి షెడ్డు మధ్యలో అలాగే నిలబడి ఉంది.

చక్రధర్ సారు అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. చేతిలోని డబ్బా పక్కన పెట్టి, నెమ్మదిగా చెప్పారు.

"కృపమ్మా, నీ పనికి నేను వంక పెట్టను. కని ఇరవై ఏండ్లల్ల నా షెడ్డుకెల్లి పోయిన ట్రాలీ ఒక్కటి వద్దనిపిచ్చుకోలే. ఇయ్యాల కారు అనిపిచ్చుకుంది. సోమారం పొద్దుగాల ఆశన్న పాత జాలీ బిగిస్తడు."

"సరే సార్," అంది కృప. పెన్నులూ టేపూ సంచిలో వేసుకుంది.

ఆ సాయంత్రం మిద్దె మీద నీళ్లు చల్లి కూర్చున్నాం. ఆమె ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. సోమవారం షెడ్డులో సామాను తెచ్చుకొని పుణెవాళ్లకు వస్తానని చెబుతానంది, అంతే. ఏదో ఒకటి చెప్పి ఆపాలి. ఆ తొందరలో నా నోటికొచ్చిన మాట ఇది:

"పెట్టుకోనియ్యి జాలీ. నీదేం పోతది? లోపలంత నువ్వు జేసిందే కద. జీతమైతే నెల నెలకు వస్తది."

ఆమె నా వైపు తిరిగి చూసింది.

"నువ్వు గూడ గట్లనే అంటవు," అంది.

అది ప్రశ్న కాదు. చాప మడిచి కిందికి వెళ్లిపోయింది. నేను అక్కడే కూర్చున్నాను. సిగ్గేసింది. ఆమెను పోగొట్టుకోకూడదన్న భయంతో, ఆమె దేనికోసం తపిస్తోందో దాన్నే గాలికొదిలెయ్యమన్నాను. బర్రెకు మందు పొయ్యడానికి దాని తల విరిచి పట్టుకునేవాణ్ని, భార్య దగ్గర కూడా అదే చేశాను. శనివారం దవాఖానలో ఒక మేక కాలికి కట్టు కడుతూ ఒకటికి రెండుసార్లు తప్పు కాలు పట్టుకున్నాను. డాక్టర్ సారు నన్ను అదోలా చూశారు.

సోమవారం ఆమెను నేనే స్కూటర్ మీద షెడ్డుకు తీసుకువెళ్లాను. పొద్దున ఎనిమిది కూడా కాలేదు. సారు ఇంకా రాలేదు. ఆశన్న ఒక్కడే పాత జాలీని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. సారుకు చెప్పకుండా పోవడం మర్యాద కాదని, కృప షెడ్డు వెనక ఆవరణలో అమ్మకానికి నిలబెట్టిన ట్రాలీల నీడన కూర్చుంది. నేను పక్కనే నిలబడి గోళ్లు గిల్లుకుంటున్నాను. చాలాసేపటికి ఆమె లేచి, ఒక ట్రాలీ ముందు పలక దగ్గరకు పోయి తల ఎత్తింది.

"పెద్దబాపూ, ఒక్కసారి జర ఇటు రావా?"

ఆశన్న జాలీ చేతిలో పట్టుకొనే వచ్చాడు.

"గివేంది?"

పలక పై అంచుకు ఆ కొసనొకటి, ఈ కొసనొకటి, చిటికెన వేలంత కొక్కేలు రెండు.

"గవా? దండకు."

"ఎవరు పెట్టుమన్నరు?"

"ఎవలు జెప్తరు? మొట్టమొదటి ట్రాలీ కొన్నాయన దండ గట్టనీకె జాగ లేదని లొల్లి వెట్టిండు. మిగిలిన కడ్డీ ముక్క వంచి అతికిచ్చిన. గప్పటిసంది ప్రతి ట్రాలీకి పెడుతనే ఉన్న."

కృప పక్క ట్రాలీ చూసింది, దాని పక్కది చూసింది. అన్నిటికీ ఉన్నాయి.

"మరి నా బండికెందుకు పెట్టలే?"

"నువ్విచ్చిన కాగితంల లేకపాయె."

అన్నాడు గానీ కళ్లెత్తలేదు. జాలీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు, "నాకు యాదికచ్చింది బిడ్డా. రేకు కొట్టేటప్పుడే యాదికచ్చింది. జెప్పలే. నా జాలీ తీసేసినవని కోపముండె. చిన్నవ్వ దండ పట్టుకొని నిలవడితే నా పానం సచ్చినంత పనైంది."

కృప కళ్లు ఆయన మీద లేవు. ఇంకేదో చూస్తోంది. పలక నడుమ వెడల్పుగా వదిలేసిన ఖాళీ రేకు మీద చెయ్యి పెట్టింది.

"గింత జాగ ఖాళీగ ఎందుకిడిసిన్రు?"

"అది కొన్నోల్లది. దేవుని పేరు రాసుకుంటరు, పిల్లల పేర్లు రాసుకుంటరు, ఏదన్న బొమ్మ ఏసుకుంటరు. దానిమీద మనం చెయ్యి పెట్టం."

"మరి రాజవ్వ పేరు?"

"ఎనక, డోరు కింద. ముంగట రాస్తే ట్రాక్టర్ టైరు బురద కొడతది. నా పేరు మీద బురదేందిరా అని సారుతోని కొట్లాడి అవ్వనే ఎనకకు రాపిచ్చుకుంది."

కృప ఆ వరస చివరిదాకా నడిచి, మళ్లీ వెనక్కి వచ్చింది. శుక్రవారం తర్వాత ఆమె నవ్వగా నేను చూడటం అప్పుడే.

"నేను మూడు వారాలు ఊర్లన్ని తిరిగిన పెద్దబాపూ," అంది. "నా టేబుల్ ఎనక ఉన్న గీ పెరట్లకు రాలే."

ఆశన్న చేతిలోని జాలీని చూసుకున్నాడు. తర్వాత షెడ్డులోకి పోయి, గ్రైండర్ తీసుకొని, దాన్లోంచి ఒక మెరిసే పట్టీని తనే కోసేశాడు. నిప్పురవ్వలు అడుగు దూరం ఎగిశాయి. ఆ పట్టీని రెండు ముక్కలు చేసి, వేడి చేసి, వంచి, కొక్కేలుగా దీపాలకు అటొకటి ఇటొకటి బిగించేసరికి పది దాటింది. ఆ రెండు గంటలూ కృప స్పానర్లు అందిస్తూ ఆయన పక్కనే ఉంది.

చక్రధర్ సారు వచ్చి బండి ముందు ఆగిపోయారు. స్టీలు అక్షరాల డబ్బా టేబుల్ మీదే ఉంది. కృప ఆయనకు ఎదురుగా నిలబడి, తడబడకుండా చెప్పింది.

"సార్, మన బండికి మూతి వద్దు. నుదురు గావాలె. బొట్టు పెట్టేటోల్లు అక్కడ బొట్టు పెడుతరు. చెయ్యి పెట్టి ప్రార్థన జేసుకునేటోల్లు చెయ్యి పెడుతరు. పేరు రాసుకునేటోల్లు రాసుకుంటరు. మనం అక్కడ ఏం రాయొద్దు. అవ్వ పేరు ఎనక డిక్కీ కింద, ట్రాలీల మీద ఎంతుందో గంతనే."

"మరి ఇది మనదని ఎట్ల తెలుస్తది?"

"కొక్కేలు సూసి. ఇంకే కారుకు ఉండయి సార్. మీ ట్రాలీ కొన్న ఇంట్ల ప్రతి మనిషికి ఎరుకే."

సారు టేబుల్ దగ్గరికి నడిచారు. డబ్బా మూత తీసి, 'రా' అక్షరాన్ని బయటికి తీశారు. పంచె అంచుతో తుడిచారు. పలక మీద ఒకసారి ఆనించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నారు. మోజుపడి చేయించుకున్న అక్షరాలు, అందులోనూ కన్నతల్లి పేరు. వద్దనడానికి నాకైతే నోరు రాదు. నేను షెడ్డు రేకుల కేసి చూస్తూ నిలబడ్డాను. నా కాపురం ఎక్కడుంటుందో ఆయన ఒక్క మాట మీద తేలాలి.

"బురద పడ్డదని మస్తు కొట్లాడింది అవ్వ. నిజమే," అన్నారు. అక్షరాన్ని తీసి డబ్బాలో పెట్టి మూత బిగించారు. "అరుణజ్యోతికి ఫోన్ జెయ్యిండ్రి."

ఆ సాయంత్రం నాలుగు గంటలకే వాళ్లు మళ్లీ వచ్చారు. చిన్నవ్వ మొదట రాననే అందట. ఆశన్న ఫోన్ తీసుకొని, తప్పు తనదని చెప్పాడు. వచ్చాక ఆమె దండ ముట్టకుండా, ముందు ఒక కొక్కేన్ని పట్టుకొని బర్రె కొమ్ము గుంజినట్టు గట్టిగా గుంజి చూసింది. ఊడలేదు. రెండోదాన్ని గుంజింది. అదీ ఊడలేదు. అప్పుడు కొత్త దండ తీసి ఈ కొస అటు, ఆ కొస ఇటు తగిలించింది. దీపాల నడుమ అర్ధచంద్రంలా వంగి నిలిచింది దండ. దాని పైన నున్నటి రేకు మీద బొటనవేలితో పొడుగ్గా కుంకుమ పెట్టింది.

"గిప్పుడు మనిషి లెక్క కనవడ్తున్నది," అంది కృపతో. "మొన్న కోపం జేసిన. మనసుల పెట్టుకోకు బిడ్డా."

కృప ఆమె రెండు చేతులూ పట్టుకుంది. తర్వాత నేననుకోని పని ఒకటి చేసింది. బండి ముందుకు పోయి, కుంకుమకు తగలకుండా దాని పక్కన అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకొని పెదవులు కదిపింది. చిన్నవ్వ కొంగు తలమీదికి లాక్కొని, ఆమె కళ్లు తెరిచేదాకా ఆగింది.

లింగంపేట దాకా మాదీ వాళ్లదీ ఒకటే దారి. అరుణజ్యోతి మెల్లగా నడుపుతోంది. వెనక మా స్కూటర్. డిక్కీ కింద 'రాజవ్వ' అని ఆశన్న పెయింటుతో రాసిన చిన్న అక్షరాలు ఇంకా ఆరలేదు. దుమ్ము పడుతుందని నేను స్కూటర్‌ని కొంచెం వెనకే ఉంచాను. లింగంపేటలో వాళ్లు పక్కకు మళ్లారు. ఊరు దాటి మక్క చేన్ల దగ్గరికి వచ్చాక, వెనక నుంచి కృప నా భుజం తట్టింది.

"సునీల్, జర ఆపు."

రోడ్డు పక్కన నిలబడి పుణెకు ఫోన్ చేసింది. రెండే రెండు నిమిషాలు హిందీలో మాట్లాడింది. రావడం లేదని చెప్పి, థాంక్స్ చెప్పి పెట్టేసింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. గంతేయలేదు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె విప్పి చదివింది. ఏడాదిపాటు జీతం లేని సెలవు ఇప్పించవలసిందిగా పశువైద్యాధికారి గారికి ఎల్లారెడ్డి కాంపౌండర్ సునీల్‌కుమార్ పెట్టుకున్న దరఖాస్తు. కారణం దగ్గర, భార్యతో కలిసి పుణెలో ఉండటానికి అని రాసి ఉంది.

"ఎప్పుడు రాసినవు?"

"శనివారం."

"నాకెందుకు జెప్పలే?"

"మిద్దె మీద అన్న మాటకు మొహం చెల్లక."

దండ మూడుసార్లు మట్టిలో పడ్డ రోజు కూడా ఏడవని మనిషి, ఆ రోడ్డు పక్కన చున్నీతో కళ్లు తుడుచుకుంది. ఒక లారీ పోయేదాకా ఆగి, కాగితాన్ని మళ్లీ చూసింది.

"సంతకం పెట్టినవు. తేదీ ఎయ్యలేదేంది?"

"ఎప్పుడు పోవాలో నువ్వు చెప్తవు గదా అని."

"ఇటియ్యి, చింపేస్త," అన్నాను మళ్లీ నేనే, చెయ్యి చాపుతూ.

ఆమె ఇవ్వలేదు. ఉన్న మడతల మీదే జాగ్రత్తగా మడిచి, సంచిలో టేపు పక్కన పెట్టుకొని జిప్పు లాగింది.

"ఇది నాది," అంది స్కూటర్ ఎక్కుతూ. "తేదీ నేనే ఏసుకుంట."